200 మెగావాట్ల గాలిమరలు: ఒకేచోటా, రెండుచోట్లా?

ప్రశ్న: ఉరవకొండ వైపు 200 మెగావాట్లూ పెడితే ఒక్క పూలింగ్ సబ్‌స్టేషన్ (మరల కరెంటును ఒకచోట చేర్చి గ్రిడ్‌కు పంపేది) సరిపోతుంది. సగం తాడిపత్రి వైపు పెడితే ఉత్పత్తిలో ఎగుడుదిగుళ్లు తగ్గుతాయంటున్నారు. నిజంగా ఎంత తగ్గుతాయండీ?

జవాబు: ముందు ఏ ఎగుడుదిగుడు తగ్గాలో తేల్చుకోండి. నిమిషాల్లో వచ్చే ఊగిసలాట ఒకే ఫామ్‌లోని మరల మధ్యే చాలావరకు సర్దుకుంటుంది. గంట, రెండు గంటల మార్పులకు పదుల నుంచి వందల కిలోమీటర్ల ఎడం కావాలి. నైరుతి నెలల్లో పొంగి, తర్వాత పడిపోయే ఉత్పత్తిని మాత్రం సీమలో ఎక్కడ పెట్టినా సరిచేయలేం.

రెండుచోట్లా సమాన సామర్థ్యం, సమాన ఊగిసలాట ఉన్నాయనుకోండి. రెండుచోట్ల ఉత్పత్తి ఎంతవరకు కలిసి ఊగుతుందో చెప్పే అంక��� కోరిలేషన్: 1 అయితే పూర్తిగా కలిసి, సున్నా అయితే సంబంధం లేకుండా. అది 0.8 అయితే మొత్తం ఊగిసలాట తగ్గేది 5 శాతమే. 0.2 అయితే 22 శాతం దాటుతుంది. సున్నా అయితే 29 శాతం. కాబట్టి కిలోమీటర్లు కాదు, కోరిలేషన్ కొలవండి.

ప్రశ్న: దాన్ని ఎలా లెక్కకట్టాలి?

జవాబు: గత వాతావరణాన్ని గంటలవారీగా పునర్నిర్మించిన యూరప్ డేటా ఈరా-5లో 100 మీటర్ల ఎత్తు గాలి గంటగంటకూ దొరుకుతుంది. రెండుచోట్లకూ కనీసం ఐదేళ్లది తీసుకుని, మీ టర్బైన్ పవర్ కర్వ్‌తో (ఏ గాలి వేగానికి ఎంత ఉత్పత్తో చెప్పే గీత) మెగావాట్లలోకి మార్చండి. గాలి వేగాల మీదే కోరిలేషన్ చూసి ఆగిపోవడం చాలామంది చేసే తప్పు. రేటెడ్ వేగం (మర పూర్తి సామర్థ్యాన్ని అందుకునే వేగం) లోపల శక్తి వేగపు ఘనాన్ని బట్టి మారుతుంది: సెకనుకు 6 మీటర్ల గాలి 7 అయితే అందులోని శక్తి దాదాపు 59 శాతం పెరుగుతుంది. రేటెడ్ దాటాక ఉత్పత్తి కదలదు.

తర్వాత ప్రతి నెలలోనూ, రోజులోని ప్రతి గంటకూ సగటు తీసి అసలు అంకెల్లోంచి మినహాయించండి. లేకపోతే రుతువు ప్రభావమే కోరిలేషన్‌ను పెంచి చూపిస్తుంది. గంటగంటకూ వచ్చిన తేడాల మీద కూడా విడిగా కోరిలేషన్ చూడండి, గ్రిడ్‌ను ఇబ్బంది పెట్టేవి ఆ తేడాలే. ఈరా-5 గడి వెడల్పు సుమారు 31 కిలోమీటర్లు, కొండ గట్ల మీది గాలి అందులో సరిగా రాదు. స్థలంలో నిలబెట్టిన గాలి కొలత స్తంభం (మాస్ట్) కొలతలతో సరిచూడనిదే స్థలం ఖాయం చేయకండి.

మరొకరు: దిక్కు కూడా చూడండి. నైరుతి నెలల్లో గాలి పడమటి వైపు నుంచే ఎక్కువ. ఉరవకొండ, తాడిపత్రి సుమారు తూర్పు-పడమరలుగా, 80 కిలోమీటర్ల ఎడంలో ఉన్నాయి. సెకనుకు 10 మీటర్ల గాలితోపాటే మార్పు కదిలితే తాడిపత్రికి చేరేసరికి రెండు గంటల పైన పడుతుంది. తక్షణ కోరిలేషన్‌తో పాటు గంట, రెండు, మూడు గంటల జాప్యంతోనూ లెక్కవేయండి.

జవాబు: మంచి మాట. ఖర్చు వైపు కూడా చూడాలి. రెండో చోట పీఎల్‌ఎఫ్ (పూర్తి సామర్థ్యంలో ఏడాది సగటున వచ్చే ఉత్పత్తి శాతం) 5 పాయింట్లు తక్కువైతే 100 మెగావాట్ల మీద ఏడాదికి 4.38 కోట్ల యూనిట్లు పోతాయి. అంత నష్టాన్ని ఊగిసలాటలో 5 శాతం తగ్గుదల పూడ్చదు. డీవియేషన్ ఛార్జీల (ముందు చెప్పిన ఉత్పత్తికి, అసలు ఇచ్చినదానికి తేడా వస్తే కట్టేవి) లెక్క రెండు పూలింగ్ స్టేషన్లకూ కలిపి వేస్తారా, విడివిడిగానా అన్నది ఒప్పందానికి ముందే కనుక్కోండి. విడిగా వేస్తే, రెండుచోట్ల పెట్టినందువల్ల గ్రిడ్‌కు మేలే గానీ మీ ఛార్జీలు తగ్గవు.