విశాఖ ఎంవీపీ కాలనీలో రాళ్లరద్దు, పాత సామాను ఒకేసారి తీసేవాళ్లు ఎవరండీ?

రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. బాత్రూం పగలగొట్టిన రద్దు 40 సిమెంటు సంచులు: సగానికే నింపాం, ఒక్కోటి సుమారు 25 కిలోలు. అంటే దాదాపు టన్ను, మామూలు టాటా ఏస్‌కి ఒక్క ట్రిప్పులో పట్టే బరువు కాదు. నిండా నింపితే సంచి అడుగు చిరిగి మెట్లన్నీ పెంకులే. ఇవి కాక రెండు బూరుగుదూది పరుపులు, సముద్రపు గాలికి అడుగు తుప్పు పట్టిన బీరువా, పనిచెయ్యని ఫ్రిజ్, నాలుగు ట్యూబ్‌లైట్లు, సగం రంగున్న డబ్బాలు ఉన్నాయి.

పొద్దున్నే వచ్చే జీవీఎంసీ (నగరపాలక సంస్థ) చెత్త బండి ఇంటి చెత్తకే. రద్దు అందులో వెయ్యకూడదు. రద్దులో పరుపు కలిపితే ఆ రద్దు మళ్లీ వాడుకోడానికి పనికిరాదు కాబట్టి విడిగానే పెట్టాం.

ఫ్రిజ్ సంగతే అసలు బెంగ. కంప్రెసర్‌లో రాగి కోసం గొట్టం కోసేస్తే గ్యాస్ గాల్లో కలుస్తుంది, ఫోమ్ ఉన్న డొక్కు మన మెట్ల కిందే మిగులుతుంది. కొయ్యకుండా మొత్తంగా తీసుకెళ్లేవాళ్లు కావాలి. ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది, పగలనివ్వకూడదు.

తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి: రేటు ట్రిప్పుకా, సంచికా? మెట్లు దించే కూలీ అందులోనేనా? రద్దు ఎక్కడ దింపుతారో రసీదు ఇస్తారా? రాత్రిపూట గెడ్డలో (వాన నీటి కాలువలో) పారబోసేవాళ్లయితే ఎంత తక్కువ అడిగినా వద్దు. వానొస్తే ఆ నీళ్లు కింది వీధి ఇళ్లలోకే వస్తాయి.