టర్బో కారు ఇంజిన్‌లో మడ్డి కట్టింది, ఏ ఆయిల్ పోయాలి?

మాది టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఉన్న పెట్రోల్ కారు, 80,000 కిలోమీటర్లు తిరిగింది. నిన్న ఆయిల్ పోసే మూత తిప్పి చూస్తే లోపలివైపు నల్లగా, వేలితో గీకితే తారులా సాగే మడ్డి, అప్పటి నుంచి ఒకటే టెన్షన్. తేమ వల్ల పట్టే తెల్లటి మీగడలాంటిది కాదిది. రెండేళ్లుగా రోజుకు నాలుగైదు కిలోమీటర్లే తిప్పుతున్నాం, ఇంజిన్ సరిగ్గా వేడెక్కేలోపే ఆపేస్తాం, కిలోమీటర్లు నిండలేదు కదా అని ఆయిల్ కూడా మార్చలేదు, తప్పు అక్కడే జరిగింది.

మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 ఫుల్ సింథటిక్ అని ఉంది. మెకానిక్ మాత్రం బండి పాతబడింది, దానికంటే చిక్కటి 10డబ్ల్యూ-40 పోసి ఫ్లషింగ్ (మందు కలిపి లోపలి మడ్డిని ఒక్కసారిగా కడిగేయడం) చేద్దాం అంటున్నాడు. నా భయమల్లా, ఫ్లష్‌కి ఊడిన ముక్కలు సంప్‌లో, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, ఆయిల్ పీల్చే జాలీకి అడ్డం పడితే టర్బోకి ఆయిల్ అందదు, దాని షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది, బేరింగులు పోవడానికి ఎంతోసేపు పట్టదు. అందుకే 5డబ్ల్యూ-30నే పోసి, వెయ్యి కిలోమీటర్లకోసారి ఫిల్టర్‌తో సహా రెండుమూడుసార్లు మార్చి మెల్లగా శుభ్రం చేసుకుందామనుకుంటున్నా. ఇలా చేసి బాగుపడినవాళ్లున్నారా? లేక ముందు సంప్ విప్పించి జాలీ చూపించమంటారా? తక్కువ తిరిగే టర్బో బండికి మీరు ఎన్ని నెలలకోసారి ఆయిల్ మారుస్తున్నారో కూడా చెప్పండి.