నిమ్జ్ భూసేకరణ నోటీసు వచ్చింది, సంతకం పెట్టాలా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మాది సంగారెడ్డి జిల్లా ఝరాసంగం మండలం. జహీరాబాద్ నిమ్జ్ (జాతీయ పెట్టుబడులు, తయారీ మండలి) కోసం మా నాయన పేరు మీదున్న మూడెకరాలకు నోటీసు వచ్చింది. అందులో రెండెకరాలు లావణి పట్టా, అంటే ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి. అల్లం, చెరకు పండే భూమి. "లావణికి కోర్టుకెళ్లినా ఏమీ రాదు, ఇప్పుడే ఒప్పుకోండి" అని ఊళ్లో ఒకాయన రోజూ ఇంటికి వస్తున్నాడు. టెన్షన్‌తో నాయనకు నిద్ర లేదు. నేనేమో హైదరాబాద్‌లో ఉంటాను. ఏం చేయాలి?

జవాబు: తమ్ముడూ, ముందు నాయనకు ధైర్యం చెప్పు. లావణి భూమికి కూడా పట్టా భూమితో సమానంగా మార్కెట్ విలువ కట్టి ఇవ్వాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మేకల పాండు కేసులో 2004లోనే చెప్పింది. ఆయన మాట నమ్మకండి.

నోటీసు ఏ సెక్షన్ కింద ఇచ్చారో చూడు. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 11 ప్రాథమిక నోటిఫికేషన్ అయితే, ప్రచురించిన 60 రోజుల్లోపు అభ్యంతరాలు రాసి ఇవ్వొచ్చు. కానీ అది సమ్మతి ఒప్పందం అయితే సంతకానికి తొందరపడొద్దు. వేరే ప్రాజెక్టులో మా ఇంట్లో ఆ కాగితం చదవకుండానే సంతకం పెట్టారు. ధర తక్కువని తెలిశాక అడగడానికి దారి లేకపోయింది. అమ్మ ఇప్పటికీ ఆ చేను గుర్తొస్తే ఏడుస్తుంది.

ధర ఎలా కడతారంటే, రిజిస్ట్రేషన్ విలువ ఒకవైపు, గత మూడేళ్లలో చుట్టుపక్కల జరిగిన అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు ఇంకోవైపు చూసి, ఏది ఎక్కువైతే అది తీసుకోవాలి. బోరు, చెట్లు, పైపులైను విలువ కలుస్తుంది. దాని మీద 100 శాతం సొలేషియం, అంటే బలవంతంగా భూమి తీసుకుంటున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము. అందుకే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ దస్తావేజుల నకళ్లు ఇప్పుడే తీసుకో. పంచనామా రోజు మీరు చేను దగ్గరే ఉండి బోరు, చెట్లు అన్నీ రాశారా లేదా చూసుకోవాలి.

అవార్డు (పరిహారం ఎంతో ఖరారు చేస్తూ కలెక్టర్ ఇచ్చే ఉత్తర్వు) నచ్చకపోయినా డబ్బు తీసుకోవచ్చు. కానీ రసీదు మీద "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాయాలి. అది రాయకపోతే సెక్షన్ 64 కింద ఎక్కువ అడిగే హక్కు పోతుంది. అవార్డు రోజు నాయన అక్కడుంటే ఆరు వారాల్లోపు కలెక్టర్‌కు అర్జీ పెట్టాలి.

మరొకరు: మాకు సొంత భూమి లేదన్నా. పదేళ్లుగా అదే ఊళ్లో కౌలు చేస్తున్నాం. మాకేమైనా వస్తుందా?

జవాబు: అడగండి. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీదే బతుకుతున్న కౌలుదార్లు, కూలీలు కూడా చట్టం ప్రకారం బాధిత కుటుంబాలే. పేరు జాబితాలో ఎక్కిందో లేదో ఆర్డీవో ఆఫీసులో చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు: చాలా థ్యాంక్స్ అన్నా. ఇది సెక్షన్ 11దే, 23 రోజులే మిగిలాయి. శనివారం ఊరికెళ్తున్నాను.

జవాబు: శనివారం కాగితాలన్నీ సర్దుకో, సోమవారం అభ్యంతరం ఇవ్వు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకో.