ఏడో నెలలో ఫిషర్ (మలద్వారం దగ్గర చీలిక), మోషన్‌కి వెళ్ళాలంటే ఏడుపొస్తోంది... మీలో ఎవరికైనా వచ్చిందా?

బ్రాడీపేట సిరి
నమస్తే అండి అందరికీ. మాది గుంటూరు, మొదటి కాన్పు, 29 వారాలు నడుస్తున్నాయి. ఇంట్లో నోరు తెరిచి చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నా, ఏమీ అనుకోకండి. మూడు వారాల నుంచి మోషన్ గట్టిగా వస్తోంది, వచ్చినప్పుడల్లా గాజుపెంకుతో కోసినట్టు ఉంటోంది, వెళ్ళొచ్చాక కూడా రెండు మూడు గంటలు ఒకటే మంట, కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూర్చుంటున్నా. మొన్న ఎర్రగా రక్తం గీతలాగా కనపడింది, బిడ్డకేమన్నా అయిందేమో అని కాళ్ళూ చేతులూ ఆడలేదు. అమ్మేమో మొలలే అంటోంది. మా వారు మెడికల్ షాపులో అడిగి ఏదో ఆయింట్‌మెంట్ తెచ్చారు, ఇంకా రాయలేదు. తింటే వెళ్ళాల్సొస్తుందని రెండ్రోజుల్నుంచి అన్నం తగ్గించేశా.

పటమట కోడలు
సిరీ, ముందు అన్నం తినమ్మా. నేనూ ఇదే పని చేశా రెండో కాన్పప్పుడు, తినకుండా, వచ్చినా ఆపుకుని, నాలుగో రోజుకి రాయిలా గట్టిపడి మానుతున్న చీలిక మళ్ళీ తెగింది. లోపల ఆగేకొద్దీ పేగు అందులో నీళ్ళన్నీ పీల్చేసుకుంటది కదా, అందుకే ఇంకా గట్టిపడిద్ది. మాకు సూర్యారావుపేటలో ఒక లేడీ సర్జన్ చూశారు, చూడటమంటే నువ్వు భయపడేంత ఏం లేదు, పక్కకి తిప్పి పడుకోబెట్టి పైనుంచే చూసి చెప్పేశారు, లోపల వేలు కూడా పెట్టలేదు. ఆవిడ చెప్పిందేంటంటే, చీలిక నొప్పికి అక్కడి కండరం బిగుసుకుపోద్ది, బిగుసుకుంటే రక్తం సరిగా ఆడదు, రక్తం ఆడకపోతే మానదు, అందుకని మోషన్ మెత్తగా చేసుకోవడమూ ఆ కండరాన్ని వదులు చేసుకోవడమూ రెండే పనులు, కడుపుతో ఉన్నప్పుడు ఇంకేం చెయ్యక్కర్లేదు అని. రాత్రిపూట లాక్టులోజ్ సిరప్, పొద్దున ఇసాబ్‌గోల్ రాశారు. ఇసాబ్‌గోల్ కలిపిన గ్లాసు తాగి వెంటనే ఇంకో గ్లాసు నీళ్ళు తాగాలి, నీళ్ళు తక్కువైతే అదే గడ్డకట్టి మలబద్ధకం ఎక్కువ చేస్తది. రోజుకి మూడుసార్లు గోరువెచ్చని నీళ్ళలో పదిహేను నిమిషాలు కూర్చునేదాన్ని, ముఖ్యంగా మోషన్‌కి వెళ్ళొచ్చిన వెంటనే. ఉప్పూ వద్దు డెట్టాలూ వద్దు, ఉత్త నీళ్ళే, తర్వాత మెత్తటి బట్టతో అద్దుకోవాలి, రుద్దకూడదు. మొదటి వారం పెద్ద తేడా తెలీలేదు, మూడు వారాలకి నొప్పి లేకుండా వెళ్ళగలిగా.

మంగళగిరి నర్సక్క
నేను స్టాఫ్ నర్సుని, పదేళ్ళు లేబర్ వార్డులో చేశా. సిరీ, ముందు రక్తం సంగతి తేల్చుకో. మోషన్ మీద గీతలాగా, తుడుచుకున్నప్పుడు ఎర్రగా కొంచెం ఉంటే ఎక్కువగా ఫిషరో మొలలో అయి ఉంటది, దానివల్ల బిడ్డకేం కాదు. కానీ ప్యాడ్‌కి గానీ లోదుస్తులకి గానీ రక్తం అంటిందంటే అది ముందువైపు, అంటే యోని నుంచి వస్తోందేమో అనుకోవాలి, అప్పుడు పొద్దున చూద్దాంలే అనుకోకుండా వెంటనే కాన్పు చూసే ఆసుపత్రికి వెళ్ళిపో. ఎక్కడినుంచో నీకే తెలీకపోయినా వెళ్ళడమే. రక్తం ధారగా పోయినా, కళ్ళు తిరిగినా, జ్వరం వచ్చి అక్కడ వాచి చీము పట్టినా కూడా ఆగకూడదు. ఐరన్ మాత్రలకి మోషన్ నల్లగా, ఆకుపచ్చగా వస్తది, అది మామూలే, కానీ తారులాగా జిగటగా వాసనతో వస్తే చెప్పాలి.

ఆ ఆయింట్‌మెంట్ పక్కన పెట్టు. ఫిషర్ ఆయింట్‌మెంట్లలో చాలావాటిలో డిల్టియాజెమో నిఫెడిపినో నైట్రోగ్లిజరినో ఉంటది, కండరాన్ని వదులు చేసేవే, మామూలు వాళ్ళకి బాగానే పనిచేస్తాయి, కానీ కడుపుతో ఉన్నవాళ్ళూ పాలిచ్చేవాళ్ళూ తమ డాక్టరు చూసి రాస్తే తప్ప వాడకూడదు. షాపులో మీవారు అడిగినప్పుడు భార్య గర్భవతి అని చెప్పారో లేదో, చాలామంది మగవాళ్ళు సిగ్గుపడి 'ఫిషర్‌కి ఏదన్నా ఇవ్వండి' అని ఊరుకుంటారు. నొప్పి బిళ్ళలూ అంతే, పారాసిటమాల్ డాక్టర్ని అడిగి వేసుకోవచ్చు, డైక్లోఫెనాక్ ఐబుప్రొఫెన్ లాంటివి సొంతంగా అస్సలు వద్దు. పెద్దవాళ్ళు ఆముదం తాగమంటారు, దానివల్ల నొప్పులు మొదలయ్యే ప్రమాదం ఉంది, ఎవరు చెప్పినా తాగొద్దు.

ఇంకోటి, ఐరన్ మాత్రల వల్లే గట్టిపడుతోందని మానేస్తారు, నా కళ్ళారా చూశా, కాన్పుకొచ్చేసరికి రక్తం లేక పాలిపోయి ఉంటారు. ప్రభుత్వ లెక్క ప్రకారమే కడుపుతో ఉన్నప్పుడు 180 రోజులు, కాన్పయ్యాక ఇంకో 180 రోజులు వేసుకోవాలి. పడకపోతే డాక్టరుకి చెప్తే మందు మారుస్తారు, రోజు మార్చి రోజు వేసుకోమంటారు, రక్తం మరీ తక్కువుంటే సెలైన్‌లో ఎక్కిస్తారు, దారులున్నాయి. ఐరన్‌ని కాల్షియంతో, టీతో కలిపి వేసుకోకు. ఇసాబ్‌గోల్‌కీ దానికీ రెండు గంటలు ఎడం పెట్టు.

బ్రాడీపేట సిరి
అక్కా మీ ఇద్దరికీ ఎలా చెప్పాలో తెలీట్లేదు. మా వారిని అడిగా, గర్భవతినని చెప్పలేదట. రేపు కొత్తపేటలో మా మేడం దగ్గరికి వెళ్తున్నా. దీనివల్ల ఆపరేషన్ చేసి బిడ్డని తియ్యాల్సొస్తుందా? నార్మల్ అవ్వాలని ఉంది.

మంగళగిరి నర్సక్క
ఫిషర్ ఉందని ఒక్క కారణానికి సిజేరియన్ చెయ్యరమ్మా. కాకపోతే ముందే ఫైల్లో రాయించు, కాన్పప్పుడూ తర్వాత మందులు రాసేటప్పుడూ వాళ్ళకి తెలిసి ఉండాలి.

తెనాలి అమ్మాయి
నేను బోర్డు చూసి మోసపోయిన దాన్ని. బస్టాండ్ దగ్గర 'ఆపరేషన్ లేకుండా మొలలు ఫిషర్ గ్యారంటీ' అని రాసుంటే వెళ్ళా, ఐదో నెల అప్పుడు, ఏం మందో చెప్పకుండా ఇంజెక్షన్ చేస్తానన్నాడు, మా ఆడపడుచు తోడుంది కాబట్టి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు అక్కడ ఎవరైనా సూది అన్నా, కాల్చడం అన్నా లేచి వచ్చెయ్యండి.

కృష్ణలంక వదిన
నాది కాన్పు తర్వాత వచ్చింది, అందుకే రాస్తున్నా. మన వైపు బాలింతకి నీళ్ళు ఇవ్వరు కదా, చల్లదనం చేస్తది, పొట్ట పెరుగుద్ది అని. నాకు పదకొండు రోజులు కారప్పొడి, వెల్లుల్లి కారం, పాత బియ్యం అన్నం, కాయం ముద్ద, రోజు మొత్తానికి రెండు గ్లాసుల వేణ్ణీళ్ళు, కూరగాయలు లేవు పండు లేదు. అటు బిడ్డ రెండు గంటలకోసారి పాలు తాగుతోంది, అదీ మే నెలలో, బెజవాడ ఎండలో. కింద కుట్లున్నాయి, కుట్లు ఊడతాయేమోనని నాలుగు రోజులు మోషన్ ఆపుకున్నా. ఐదో రోజు బాత్రూంలో గోడ పట్టుకుని అరిచిన అరుపు పక్కింటి వాళ్ళకి వినపడింది. మా అమ్మ మీద కోపం లేదు, ఆవిడకి వాళ్ళమ్మ అలాగే చేసింది. డాక్టరమ్మే అమ్మని లోపలికి పిలిచి, పాలిచ్చేదానికి నీళ్ళు మామూలుకంటే ఎక్కువ కావాలి, గోరువెచ్చగానే ఇవ్వండి కానీ ఇవ్వండి, పథ్యంలోనే బీరకాయ సొరకాయ పెట్టండి అని చెప్తే విన్నది. మీరు కాన్పుకి ముందే మీ అమ్మనీ అత్తగారినీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, మనం చెప్తే వినరు.

వెస్ట్రన్ కమోడ్ అయితే కాళ్ళ కింద చిన్న పీట పెట్టుకోండి, మోకాళ్ళు పైకొస్తాయి, ముక్కక్కర్లేదు. ఫోన్ పట్టుకుని అరగంట కూర్చోవద్దు.

పటమట కోడలు
వదినా నీ పోస్టు మా చెల్లికి పంపించా. తిండి గురించి ఒక్క మాట, గుంటూరు కారం ఫిషర్ తెప్పించదు కానీ చీలిక మీద మంట మాత్రం నరకం, మానేదాకా పచ్చళ్ళు ఆపండి. నాకు పనిచేసినవి జామపండు, తోటకూర పప్పు, రాత్రి నానబెట్టిన ఎండుద్రాక్ష.

బ్రాడీపేట సిరి
నాలుగు నెలల తర్వాత వచ్చా, పాప పుట్టింది, నార్మల్ కాన్పే. మేడం అప్పుడు లాక్టులోజ్, మంట మరీ ఎక్కువైతే రాయడానికి కొద్దిరోజులకి తిమ్మిరెక్కించే లిగ్నోకెయిన్ జెల్ ఇచ్చారు, 34వ వారానికి పూర్తిగా తగ్గింది. కాన్పయ్యాక మళ్ళీ కొంచెం తెగింది కానీ ఈసారి మొదటి రోజు నుంచే సిరప్ వాడా, రెండు వారాల్లో సర్దుకుంది. ఆరు వారాలు దాటినా మానకపోతే సర్జన్ దగ్గరికి రమ్మన్నారు. ఆపరేషన్ మాట వస్తే తొందరపడొద్దట, అందులో కండరాన్ని కొంచెం కోస్తారు, కాన్పులో ఆ కండరానికి దెబ్బ తగిలి ఉంటే తర్వాత గ్యాసూ మోషనూ ఆపుకోలేని ఇబ్బంది వచ్చే అవకాశం ఉందట. అలా ఆపుకోలేకపోవడం ఇప్పటికే ఉన్నవాళ్ళు మాత్రం సిగ్గుపడి దాచుకోకుండా చూపించుకోమన్నారు, కాన్పు చిరుగు లోపలిదాకా వెళ్ళి ఉండొచ్చు.

మా అత్తగారు నేను పాలిచ్చే కుర్చీ పక్కన చెంబుతో వేణ్ణీళ్ళు పెట్టి, ఖాళీ అయిందో లేదో చూసి వెళ్తున్నారు.

చుట్టుగుంట కొత్తమ్మ
అక్కా, నాకు ఆరో నెల, నిన్నే మొదలైంది. నీళ్ళలో కూర్చోవడానికి ఏం వాడారు? పొట్టతో కింద తొట్లో కూర్చుని లేవలేకపోతున్నా.

బ్రాడీపేట సిరి
కింద కూర్చోకు చెల్లీ, జారతావు. మెడికల్ షాపులో సిట్జ్ బాత్ టబ్ అని అడుగు, కమోడ్ మీద పెట్టుకునేది. నీళ్ళు మోచేత్తో చూసుకో, వేడిగా కాదు, గోరువెచ్చగా. లేచేటప్పుడు ఎవర్నైనా తలుపు దగ్గర ఉండమను. రేపే మీ డాక్టరమ్మకి చెప్పు, ఆగకు.