ఉగాది 2026: ఫ్లయర్ ఆపండి, ముందు ఆ ఒక్క వాక్యం తేల్చండి

కోఆర్డినేషన్: మన తెలుగు సంఘం ఉగాది ఫ్లయర్ మూడో డ్రాఫ్ట్ చూశాను. రంగులు బాగున్నాయి, కానీ వాట్సాప్‌లో వదలకండి. పైన కలశం, మధ్యలో గోపురం, కింద ‘అచ్చమైన ఆంధ్రా భోజనం’. వరంగల్ కుటుంబం, చర్చికి వెళ్లే గుంటూరు వాళ్లు, హైదరాబాద్ ముస్లిం స్టూడెంట్లు చూసి ఇది మనది కాదులే అనుకుంటారు. ఎవరూ ఫిర్యాదు చెయ్యరు, ఊరికే రావడం మానేస్తారు. నా ప్రతిపాదన: ‘తెలుగు మాట్లాడేవాళ్లందరిదీ, ఇంట్లో తెలుగు వింటూ పెరిగే పిల్లలదీ ఈ సంఘం.’ ఫ్లయర్, ఫారం, మెనూ, స్టేజి అన్నీ దీంతో సరిచూసుకుందాం.

డిజైన్: సరే అన్నా, మరి లోగో? పూర్ణకుంభం పెడితే ఆంధ్రప్రదేశ్ రాజముద్ర గుర్తొస్తుంది, కాకతీయ తోరణం పెడితే తెలంగాణది. రెండూ ఇరికిస్తే వాట్సాప్ డీపీ సైజులో ఏదీ కనబడదు.

కోఆర్డినేషన్: సంఘానికి ‘అ’ అక్షరం చాలు. ఫ్లయర్ మీద వేపపువ్వు, మామిడికాయ, బెల్లం వెయ్యి. పండగని దాచక్కర్లేదు, పంచాంగ శ్రవణం ఉంటుంది. ఎన్నింటికో షీట్‌లో రాస్తే కావలసినవాళ్లు ఆ టైముకి కూర్చుంటారు. పార్టీ నాయకుల ఫొటోలు మాత్రం, స్పాన్సర్ అడిగినా సరే, వద్దు.

రిజిస్ట్రేషన్: ఫారంలో గోత్రం, నక్షత్రం తప్పనిసరి గడులుగా ఉన్నాయి, అర్చన ఫారం నుంచి కాపీ అయినట్టుంది. తీసేస్తున్నా. ఇంటిపేరు పేమెంట్ వరకే, బ్యాడ్జి మీద వద్దు. అది చూడగానే ‘మీరేమిట్లు?’ అని కులం ఆరా మొదలవుతుంది. టికెట్ కూడా ‘ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు’ ఒక్కటే ఉంది. ఒంటరి తల్లి, ఎమ్మెస్ పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ ఏ లెక్కలో పడతారు? తలకింత అని పెట్టి, స్టూడెంట్ రేటు విడిగా ఇద్దాం.

ఇక తేదీ సంగతి. ఉగాది మార్చి 19, గురువారం. 21 శనివారం అంటే రంజాన్ పండగకి ఆనుకునే. ఏప్రిల్ 4 గుడ్ ఫ్రైడేకి, ఈస్టర్‌కి మధ్యలో. మార్చి 28కే హాల్ అడగండి.

ఫుడ్: ‘ఆంధ్రా’ కొట్టేసి ‘తెలుగు’ అని రాస్తే సరిపోదన్నా, విస్తట్లో కనబడాలి. పులిహోర, గుత్తొంకాయ ఎలాగూ ఉన్నాయి. సర్వపిండి, పచ్చిపులుసు కలుపుతున్నాం. రాగి సంగటి ఆరితే గట్టిపడుతుంది, కాబట్టి ముద్దలు చేసి మూతట్రేల్లో చివర్లో తెస్తాం. చికెన్ హలాల్‌దే, గరిటెలు వేరు. ఉగాది పచ్చడి కొందరిళ్లలో గ్లాసుతో తాగుతారు, కొందరిళ్లలో చెంచాతో తింటారు. ఏది అసలుదన్న పంచాయితీ పెట్టుకోకుండా రెండు గిన్నెలు పెడదాం.

డిజైన్: ఇంకొకటి. సాఫ్ట్‌వేర్‌లో తెలుగు సెట్టింగ్ లేక ఒత్తులు విడిపోయి ‘ఆహ్వానం’ కాస్తా ‘ఆహ్‌వానం’ అయింది. సరిచేసి పీడీఎఫ్ చేశాక ఇద్దరితో ఫోన్‌లో చదివించి ప్రింటుకిస్తా.

కోఆర్డినేషన్: చెన్నై, బెంగళూరు తెలుగువాళ్లలో బాగా మాట్లాడుతూ లిపి రానివాళ్లున్నారు, మన పిల్లలూ అంతే. ఇంగ్లిష్‌లో రెండు లైన్లు, 40 సెకన్ల వాయిస్ మెసేజ్‌లు రెండు కూడా పంపుదాం. ఒకటి కరీంనగర్ యాసలో, ఒకటి శ్రీకాకుళం యాసలో, ఎవరి మాట వాళ్లే మాట్లాడాలి. యాసని నవ్వులాటకి వాడే స్కిట్ వస్తే సాంస్కృతిక కమిటీ స్క్రిప్ట్ దగ్గరే ఆపాలి. వాక్యం మీద అభ్యంతరాలుంటే ఆదివారం రాత్రిలోపు ఇక్కడే రాయండి. ఫ్లయర్ పని సోమవారం నుంచి.