పచ్చికలో వలయంగా మొలిచిన తెల్ల పుట్టగొడుగులు: ఇవి చెదపుట్టల దగ్గర దొరికేవేనా?

ప్రశ్న: పెరటితోట, వరంగల్

ముసురు పట్టి వదిలిన తరువాత మా ఇంటి ముందున్న పచ్చికలో అరచేతి కంటె వెడల్పైన తెల్లని పుట్టగొడుగులు వలయాకారంలో మొలిచాయి. గొడుగు నడిమధ్యన గోధుమరంగు మచ్చ, దాని చుట్టూ అదే రంగు పొలుసులు ఉన్నాయి. కింది రేకులు ప్రస్తుతానికి తెల్లగానే ఉన్నాయి. తమ ఊరిలో తొలకరి తరువాత చెదపుట్టల దగ్గర ఏరి కూర వండుకొనేవి ఇవేనని మా అత్తగారు అంటున్నారు. చిన్ననాటి నుంచి ఏరిన అనుభవం గల ఆవిడ మాటను తేలికగా తీసివేయలేక, ఫోటోలు జతచేసి అడుగుతున్నాను. వండుకోవచ్చునా?

జవాబు: శిలీంధ్రప్రియ

దయచేసి వండకండి. మీ ఫోటోలన్నీ పైనుంచి తీసినవే. తలపాగా చూసి మనిషి పేరు చెప్పమన్నట్లుంది. అయినా పచ్చిక, వలయం, గోధుమరంగు పొలుసులు, ఈ మూడూ కలిసినప్పుడు నేను మొదట అనుమానించేది క్లోరోఫిల్లం మోలిబ్డైటిస్ అనే విషజాతిని. దీనిని తిన్న కొద్ది గంటలలోనే తీవ్రమైన వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. లేతగా ఉన్నప్పుడు దీని రేకులు తెల్లగానే ఉండి, ముదిరిన తరువాతే ఆకుపచ్చ ఛాయకు తిరుగుతాయి కనుక, ఇప్పుడు కనిపిస్తున్న తెలుపును నమ్మడానికి లేదు.

రెండు పనులు చేయండి. బాగా విచ్చుకొన్న గొడుగును కాడ నుంచి వేరుచేసి, సగం తెల్లకాగితం మీద, సగం నల్లకాగితం మీద పడేటట్లు బోర్లించి, పైన గిన్నె మూసి రాత్రంతా ఉంచితే, రాలిన సిద్ధబీజాల (విత్తనాల వంటి సన్నని పొడి) రంగు తెలుస్తుంది. చెదపుట్టల దగ్గర మొలిచే టెర్మిటోమైసిస్ జాతులకు అది లేత గులాబీ. క్లోరోఫిల్లానికి మాసిన ఆకుపచ్చ. రెండవది, ఒక పుట్టగొడుగును పీకకుండా చుట్టూ మట్టి తవ్వి కాడ మొదలు చూడండి. టెర్మిటోమైసిస్ కాడ చాలా జాతులలో వేరులా సన్నబడుతూ, భూమిలో చెదలు నమిలిన ఆకులతో, పుల్లలతో కట్టుకొన్న శిలీంధ్రపు తెట్టె దాకా దిగుతుంది. గొడుగు నడుమ మొనదేలి గట్టిగా ఉంటుంది. అయితే వేరువంటి కాడ మరికొన్ని జాతులకూ ఉంటుంది కాబట్టి ఒక్క లక్షణంతో తేల్చకూడదు.

జవాబు: అడవిబాట, ఆదిలాబాద్

మీ అత్తగారి అనుభవం నిజమైనదే, కాని అది పుట్టలున్న నేలకు సంబంధించినది. మా వైపు ఏరేవారు చోటును, కాడను, వాసనను కలిపి చూస్తారు. పచ్చికలో మొలిచిన దానిని ముట్టుకోరు. వెండి నాణెం నల్లబడితే విషమని, పురుగులు తిన్నవి మంచివని చెప్పే పరీక్షలను మాత్రం నమ్మవద్దు. ప్రాణాంతకమైన కొన్ని అమానిటా అనే పుట్టగొడుగుల జాతులు వెండిని నల్లబరచవు, వండినా వాటి విషం విరగదు. వాటిని తిన్నవారికి సాధారణంగా ఆరు గంటలు దాటిన తరువాతే బాధ మొదలై, మధ్యలో కుదుటపడినట్లు అనిపించి, ఆపైన కాలేయం దెబ్బతింటుంది. అందుచేత ఎవరైనా పొరపాటున తింటే లక్షణాల కోసం ఎదురుచూడక, మిగిలిన ముక్కలను కాగితపు సంచిలో వేసుకొని ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న అడిగినవారు

కాగితం మీద మాసిన ఆకుపచ్చ పొడి పడింది. తెల్లకాగితం వైపే స్పష్టంగా కనిపిస్తోంది. కాడ మొదలు కొద్దిగా ఉబ్బి అక్కడితో ఆగిపోయింది, వేరు లేదు. అత్తగారు స్వయంగా చూసి, తమవి ఇవి కావన్నారు. ఇంట్లో పసిపిల్లవాడు, కుక్క ఉన్నారు. మందు చల్లి వదిలించుకోవచ్చునా?

జవాబు: శిలీంధ్రప్రియ

అయితే అది క్లోరోఫిల్లమే. కనిపించే గొడుగు పండు వంటిదే. అసలు శిలీంధ్రం నేలలో దారాలుగా అల్లుకొని ఏటేటా బయటికి వ్యాపిస్తుంది, అందుకే వలయం ఏర్పడింది. పైన చల్లిన మందు అంత లోతుకు చేరడం కష్టం. వానల రోజులలో ఉదయమే, గొడుగులు విచ్చుకోకముందే పీకి, సంచిలో మూటకట్టి చెత్తలో వేయండి. పచ్చికకు నీరు తగ్గించి, కింద కుళ్లుతున్న పాత మొద్దులేవైనా ఉంటే తీసివేయండి.