అద్దంలో కనబడే లావు: మెదడు లోపమా, ఆకలి తెచ్చిన మార్పా?

మహేంద్రగిరి (పర్లాకిమిడి)
ప్లస్ టూ చదువుతున్న మా మేనకోడలు నిరుడు మార్గశిర లక్ష్మివారాలకు ఒంటిపూట భోజనం మొదలుపెట్టింది. నోము ముగిసినా రెండో పూట తిరిగి రాలేదు. భుజాల ఎముకలు తేలిన పిల్ల అద్దం ముందు నిలబడి చేతులు లావుగా ఉన్నాయని ఏడుస్తోంది. ఇది అనోరెక్సియా (తిండి మానేసి ఒళ్ళు ప్రమాదకరంగా చిక్కిపోయే మానసిక జబ్బు) అని, శరీరాన్ని గుర్తించే మెదడు భాగాల మధ్య అనుసంధానం తప్పడం వల్ల వచ్చిందని ఒక వైద్యుడు చెప్పారు. ఆ మాట వినగానే మా బావగారు పుట్టుకతో వచ్చిన లోపానికి మనమేం చేయగలమని చేతులెత్తేశారు. మా అమ్మ మాత్రం ఇదంతా మొండితనమే అంటోంది. అనుసంధానం తప్పి తిండి మానిందా, తిండి మాని అనుసంధానం తప్పిందా? తెలిసినవారు చెప్పగలరు.

గోపాలపూర్ అల (బరంపురం)
నేను జువాలజీ బోధించేవాడిని, వైద్యుణ్ణి కాను. అయినా మొండితనమన్న మాటను ముందు పక్కన పెట్టమంటాను. నెదర్లాండ్స్‌లో చేసి 2013లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, అనోరెక్సియా ఉన్న స్త్రీలను, లేని స్త్రీలను రకరకాల వెడల్పులున్న సందుల గుండా నడిపించి, ధ్యాస మళ్ళడానికి వారికి వేరే పని అప్పగించారు. ఆరోగ్యవంతులు తమ భుజాలకంటే 25 శాతం ఎక్కువ వెడల్పున్న సందు దగ్గర పక్కకు తిరగడం మొదలుపెడితే, రోగులు 40 శాతం ఎక్కువ వెడల్పున్నచోటే తిరగసాగారు. నోటితో చెప్పేది నటన అనుకోవచ్చు గాని, తెలియకుండానే ఒదిగే భుజాన్ని ఏమనాలి? మనుషుల శరీర రూపాన్ని చూడగానే స్పందించే మెదడు ప్రాంతాన్ని 2001లో గుర్తించారు. అనోరెక్సియా ఉన్నవారిలో ఆ ప్రాంతానికీ, దానికి తోడుగా పనిచేసే మరో ప్రాంతానికీ మధ్య సంబంధం బలహీనంగా ఉన్నట్టు తరువాతి పరిశోధకులు చూపారు. పైగా 2019లో సుమారు 17 వేల మంది రోగుల జన్యువులను పోల్చి చూసినప్పుడు ఈ జబ్బుతో ముడిపడిన 8 స్థానాలు బయటపడ్డాయి. కాబట్టి వేరు లోపలే ఉందని నా అభిప్రాయం.

నాగావళి (రాయగడ)
మానసిక రోగుల వార్డులో చాలాకాలం నర్సుగా పనిచేసినదాన్ని. గోపాలపూర్ అల గారు చెప్పిన విషయాలు నిజమే, కానీ వాటినుంచి బావగారి నిర్ణయానికి దారి లేదు.

అనుసంధానం అనగానే మనకు కరెంటు తీగ గుర్తొస్తుంది. ఎఫ్ఎంఆర్ఐ (మెదడు పనితీరును చూపే) స్కాన్‌లో చూసేది తీగను కాదు. మెదడులో రెండు చోట్ల రక్తంలోని ఆక్సిజన్ హెచ్చుతగ్గులు ఒకే లయలో సాగితే ఆ రెంటికీ అనుసంధానం ఉందని లెక్క కడతారు. ఏది దేనికి కారణమో ఆ లెక్క చెప్పదు. (2009లో కొందరు పరిశోధకులు చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, వేల చోట్లను ఒకేసారి కొలిచేటప్పుడు కాకతాళీయంగా వచ్చే తప్పులను గణాంకాల్లో సరిదిద్దకపోతే దాని మెదడు కూడా పనిచేస్తున్నట్టే కనబడుతుందని చూపించారు. గోపాలపూర్ చేపల మాట నాకు తెలియదు.)

అసలు సంగతి ఆకలి. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను, వారి ఇష్టంతోనే, 24 వారాలపాటు అర్ధాకలితో ఉంచారు. శరీర బరువులో దాదాపు నాలుగోవంతు తగ్గేసరికి వారు వంటల పుస్తకాలు కూడబెట్టుకోవడం, పళ్ళెంలో ఉన్నదాన్ని గంటలకొద్దీ సాగదీసి తినడం, దిగులుతో ఎవరితోనూ కలవకపోవడం మొదలైంది. వారిలో ఎవరికీ ఈ జబ్బు లేదు. ఆకలే వారిని అలా చేసింది. 2022లో అనేక దేశాల స్కాన్‌లను కలిపి చూసినప్పుడు, అనోరెక్సియా ఉన్నవారి మెదడు పైపొర బాగా పలచబడినట్టు, బరువు కొంత తిరిగి పెరిగినవారిలో ఆ తేడా తక్కువగా ఉన్నట్టు తేలింది. పుట్టుకతో వచ్చిన లోపమైతే అన్నంతో అలా సర్దుకోదు.

గోపాలపూర్ అల (బరంపురం)
ఒప్పుకుంటాను, కాని పూర్తిగా కాదు. కోలుకున్నవారిలోనూ కొన్ని తేడాలు మిగిలినట్టు చూపిన అధ్యయనాలున్నాయి. అవి ముందునుంచీ ఉన్న గుర్తులో, ఆకలి మిగిల్చిన మచ్చలో తేల్చాలంటే జబ్బు రాకముందే ఎందరో పిల్లలను స్కాన్ చేసి ఏళ్ళ తరబడి గమనించాలి. ఇరవై ముప్పై మందితో చేసిన పరిశీలనల మీద పెద్ద మాట చెప్పరాదు.

కొలాబ్ గట్టు (జయపురం)
మీరిద్దరూ అద్దం దగ్గరే ఆగిపోయారు. 1990ల నాటి హాంగ్‌కాంగ్‌లో చాలామంది రోగులు లావంటే భయమని చెప్పనే లేదు, కడుపు ఉబ్బరంగా ఉందన్నారు. మన సరిహద్దు ఊళ్ళలో కూడా అరగడం లేదనే పిల్లకు గ్యాస్ మాత్ర, గాలి సోకిందనే పిల్లకు తాయెత్తు దొరుకుతాయి. ఈ జబ్బు పేరు ఎవరి నోటా రాదు. అలాగే ఫిజీ దీవులలోని ఒక ప్రాంతంలో టీవీ అడుగుపెట్టిన 1995లో అక్కడి బడి ఆడపిల్లల్లో తిండి విషయంలో ప్రమాదకరమైన ధోరణి 12.7 శాతం మందిలో కనబడగా, 1998లో అది 29.2 శాతమైంది. మూడేళ్ళలో అక్కడి పిల్లల జన్యువులు మారలేదు కదా.

మహేంద్రగిరి (పర్లాకిమిడి)
ఇవన్నీ నిన్న రాత్రి బావగారికి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, అయితే అన్నం పెడితే మెదడు సర్దుకుంటుందా అని అడిగారు. మా అమ్మ అప్పటికే నెయ్యి, అరిసెలు సిద్ధం చేసి, రేపటినుంచి మూడు పూటలా కడుపునిండా పెడతానంటోంది.

నాగావళి (రాయగడ)
దయచేసి అమ్మగారిని ఆపండి. అన్ని నెలలు ఎండిన ఒంటికి ఒక్కసారిగా అధికంగా పెడితే రక్తంలో ఫాస్ఫేట్ అనే లవణం పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. ముందు మీకు దగ్గరలో ఉన్న పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష, ఈసీజీ చేయించండి. ఎంత పెట్టాలో, ఎంత వేగంగా పెంచాలో వైద్యుడే చెప్పాలి. ఆ తరువాత ఆ పిల్ల తినేంతసేపూ ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి. ఆ కూర్చునేది బావగారైతే మరీ మంచిది.